వెర్నా కారు సిద్ధమైన రోజు

బ్యాటరీ వైరు పీకి మళ్ళీ తగిలిస్తే కారులో లోపముందని చెప్పే పసుపు దీపం ఆరిపోతుందని ఈ లోయలో ఎవడు కనిపెట్టాడో గానీ, వాడు ఎదురుపడితే నాలుగు తగిలించాలని ఇరవై రెండేళ్ళుగా నాకు కోరిక. దీపం ఆరిపోయే మాట నిజమే. దాంతోపాటు కారు కంప్యూటరు రాసిపెట్టుకున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఈ కాలపు కార్లకి నేను గొట్టం దగ్గర ముక్కు పెట్టి పొగ చూసేదేమీ లేదు. ఇంజనూ, పొగను శుభ్రం చేసే డబ్బా, దాని ముందూ వెనకా ఉండే సెన్సర్లూ సరిగా ఉన్నాయో లేదో కారే రోడ్డు మీద నడుస్తూ ఒక్కొక్కటే చూసుకుని, దాని ఎదురుగా 'సిద్ధం' అని రాసుకుంటుంది. స్టీరింగు కింద సాకెట్లో నా మిషను వైరు గుచ్చితే ఆ రాతలు ప్రభుత్వానికి చేరతాయి. రాతలు లేని కారును మిషను వెనక్కి పంపేస్తుంది. పరీక్ష పాసవ్వని కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాదు. జనం మాత్రం వైరు పీకి, దీపం ఆర్పి, స్నానం చేయించిన పిల్లను తెచ్చినట్టు కారును తెచ్చి నా ముందు నిలబెట్టి నవ్వుతారు.

నా పేరు ఆర్లిండో బెటెన్‌కోర్ట్. మా తాత పోర్చుగీసు వాళ్ళ అజోర్స్ దీవుల నుంచి పాలు పితకడానికి ఈ లోయకొచ్చాడు. మా నాన్న జీవితమూ ఆవుల మధ్యే గడిచిపోయింది. నేను ఆవుల్ని తప్పించుకుని స్మాగ్ పరీక్షల్లో, అంటే కార్ల పొగ పరీక్షల్లో పడ్డాను. నా షెడ్డు మీద 'పరీక్ష మాత్రమే' అని బోర్డుంటుంది. అంటే కారును నేను చూడొచ్చు గానీ బాగు చేయకూడదు. చేస్తే లైసెన్సు పోతుంది. దానికి తోడు ప్రభుత్వం వాళ్ళు మామూలు మనుషుల్లా తయారై, కావాలని ఏదో ఒక లోపం పెట్టిన కార్లు తెచ్చి నన్ను పరీక్షిస్తుంటారు. పదమూడేళ్ళ కిందట అలాంటి కారు ఒకటొచ్చినప్పుడు ఫారంలో ఒక గడి నింపడం మర్చిపోయాను. అది ఫైల్లో ఎక్కింది. లైసెన్సు రెన్యువల్‌కి వెళ్ళిన ప్రతిసారీ ఎదురుగా కూర్చున్నవాడు ఆ కాగితం తీసి, నన్నూ దాన్నీ మార్చి మార్చి చూస్తాడు. అప్పటి నుంచీ ఎవడైనా పెన్ను తీస్తే నాకు లేచి వెళ్ళిపోవాలనిపిస్తుంది.

జనవరిలో మా లోయ మీద పొగమంచు దిగితే వారాల తరబడి కదలదు. పొద్దున్నే లేస్తే కిటికీ అవతల ఏమీ ఉండదు. స్కూలు బస్సులు రెండు గంటలు ఆలస్యమని రేడియోలో చెబుతారు. అలాంటి ఒక సోమవారం వెర్నా ట్యాకెట్ తన ముదురాకుపచ్చ కారులో వచ్చింది. వెర్నా మా ఊరి స్కూలు వంటగదిలో ఇరవై ఆరేళ్ళుగా పని చేస్తోంది. ఊళ్ళో నలభై ఏళ్ళ లోపు వాళ్ళలో సగం మంది ఆమె వడ్డించింది తిని పెరిగినవాళ్ళే.

"ఇదిగో తాళాలు, ఆర్లిండో. తొందరగా కానిచ్చెయ్ హనీ. దీపం కూడా ఆరిపోయింది చూసుకో, డోయల్ బాగు చేశాడు" అంది.

డోయల్ ఆమె మరిది. చనిపోయిన భర్తకి తమ్ముడు. రెండు వీధులవతల ఒంటరిగా ఉంటాడు. వెర్నా ఇంట్లో కుళాయి కారినా తలుపు కిర్రుమన్నా పిలవకుండానే వచ్చి వాలతాడు.

"ఏం బాగు చేశాడేంటి డోయల్?"

"నిన్న బ్యాటరీ వైరు పీకి పావుగంట ఉంచి మళ్ళీ పెట్టాడు. తనే పెద్ద ఇంజనీరు అనుకుంటాడులే."

నేను తల పట్టుకున్నాను. అసలు ఆ దీపం ఎందుకు వెలిగిందో పెట్రోలు మూత మీద చెయ్యి వేయగానే తెలిసిపోయింది. మూత సగం బిగించి వదిలేసింది ఈ తల్లి. దాన్ని గట్టిగా తిప్పి నాలుగు రోజులు తిరిగితే దీపం దానంతటదే ఆరిపోయేది. ఇప్పుడు మిషను వైరు గుచ్చి చూస్తే తెర మీద నాలుగు చోట్ల 'సిద్ధంగా లేదు'.

"మీ మరిది చేతులు కట్టేసి ఉంచు. మొత్తం తుడిచేశాడు. మళ్ళీ మొదటికొచ్చింది" అన్నాను.

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"సరిగ్గా నడిపితే ఒక్క పొద్దున చాలు. నడపకపోతే నెలయినా అవ్వదు. అంత కొంపలంటుకున్న పనేంటి?"

వెర్నా ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. చేతి సంచీలోంచి మడతలు పడిన కాగితం తీసి నాకిచ్చింది. ఆమె కూతురు మత్తుమందు కేసులో జైలుకెళ్ళిన సంగతి ఊరందరికీ తెలుసు. కూతురి కూతురు జోలీకి నాలుగేళ్ళు. ఆ పిల్లను ప్రభుత్వం వాళ్ళు ప్రస్తుతం ఎవరో ముక్కూమొహం తెలియని కుటుంబంలో ఉంచారు. వాళ్ళు ఈ వారం మధ్య వరకే ఉంచుకుంటామన్నారు. పిల్లను అమ్మమ్మకి ఇవ్వాలా వద్దా అన్నది తేల్చడానికి, ఇలాంటి పిల్లల బాగోగులు చూసే కౌంటీ ఆఫీసు నుంచి ఇబారా అనే ఆవిడ ఈ వారంలో ఏదో ఒక రోజు చెప్పకుండా ఇంటికొస్తుంది. శుక్రవారం కోర్టు. ఇంట్లో ఏమేం ఉండాలో ఆ కాగితం మీద రాసుంది. పిల్లకి విడిగా మంచం, పొగ వస్తే మోగే గంట, తాళం వేసిన మందుల పెట్టె, రిజిస్ట్రేషన్ ఉన్న కారు. మొదటి మూడింటి పక్కనా వెర్నా పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంది.

"ఆ ఇబారాకి ఫోన్ చేసి, కారుకి ఇంకో వారం పడుతుందని చెప్పనా? మాట్లాడితే మంచి మనిషిలానే అనిపించింది" అంది వెర్నా. అప్పటికే ఫోను చేతిలోకి తీసుకుంది.

"నీకేమన్నా పిచ్చా?" అని గయ్యిమన్నాను. "వీళ్ళ దగ్గర అస్సలు నోరు విప్పకు. నువ్వొకటి చెప్తే అదే రాసుకుంటారు. 'కారు పాసవ్వలేదు' అని ఒక్కసారి ఫైల్లో పడిందా, నువ్వు పోయేదాకా నీ వెనకాలే వస్తుంది. ముందు కారు పాసవ్వనీ. కాగితం చేతిలో పెట్టుకుని అప్పుడు మాట్లాడు."

"అంతేనంటావా?"

"ఇరవై రెండేళ్ళుగా వాళ్ళతోనే వేగుతున్నా వెర్నా. నా మాట విను."

ఆమె ఫోను సంచీలో వేసుకుంది.

కారు ఎలా నడపాలో అచ్చు వేయించిన కాగితం నా దగ్గర కట్టలు కట్టలుంటుంది. అదొకటి ఆమె చేతిలో పెట్టి, అర్థమయ్యేలా విడమరిచి చెప్పాను. ట్యాంకు సగం నిండి ఉండాలి. రాత్రంతా కారును ముట్టుకోకూడదు. పొద్దున చల్లటి ఇంజను స్టార్ట్ చేసి, హీటరు ఫ్యానూ వెనకద్దం హీటరూ వేసి, రెండున్నర నిమిషాలు కదలకుండా ఉంచాలి. తర్వాత యాభై అయిదు మైళ్ళ వేగం ఎక్కకుండా తగ్గకుండా కొన్ని నిమిషాలు. ఆ తర్వాత యాక్సిలరేటరు వదిలేసి, బ్రేకు జోలికి పోకుండా, వేగం దానంతటదే ఇరవైకి దిగేదాకా పోనివ్వాలి. ఇదంతా మళ్ళీ ఇంకోసారి. వెర్నా బడిపిల్లలా తలూపుతూ వింది.

మంగళవారం పదింటికి మొహం వేలాడేసుకుని వచ్చింది. "ముప్పై దాటలేకపోయాను ఆర్లిండో. పాల ట్యాంకరు వెనక దీపాలు ముక్కుకి తగిలేదాకా కనపళ్ళేదు. బ్రేకు మీద నిలబడిపోయా. నువ్వు తొక్కొద్దన్నావని ఒక్క క్షణం ఆగాను కూడా."

అది విని నాకు భయమేసింది. అలాంటప్పుడు నాకు భయం కోపంగా బయటికొస్తుంది. అది నా జబ్బు. "నేను రాసిచ్చానని చచ్చిపోతావా ఏంటి? బుర్రుండక్కర్లేదూ?" అని అరిచాను. తర్వాత, అరిచినందుకు నొచ్చుకుని, రేపు నేనే వచ్చి నడుపుతానన్నాను. పరీక్ష చేసేవాడు గిరాకీల కారును అలా రోడ్డెక్కించకూడదు. కానీ షెడ్డు తెరిచేది పదింటికి. అంతకుముందు నేను ఎవరి కారులో తిరిగితే ఎవడిక్కావాలి అనుకున్నాను.

"నిజంగా వస్తావా? నువ్వు మొండి పోర్చుగీసోడివని మా ఆయన ఊరికే అనేవాడా! దేవుడు నిన్ను చల్లగా చూడాలి" అంది.

"దేవుడి సంగతి తర్వాత. డోయల్‌ని కారు దగ్గరికి రానివ్వకు."

బుధవారం ఎనిమిదింటికి వెర్నా ఇంటికెళ్ళాను. మంచు ఇంకా వీధి మీదే ఉంది. అది కాస్త లేచేదాకా వంటింట్లో కూర్చోబెట్టి మొక్కజొన్న రొట్టె, కాఫీ పెట్టింది. ఆమెకి కుదురు లేదు. రా చూద్దువుగాని అంటూ పిల్ల గది చూపించింది. మంచం కొత్తది. దాని మీద గుర్రప్పిల్లల బొమ్మలున్న దుప్పటి ముడతల్లేకుండా పరిచి ఉంది. దిండు మీద ఇంకా చీటీ కూడా తీయని గుడ్డ కుందేలు. వెర్నా చేత్తో దుప్పటిని మళ్ళీ ఒకసారి సరిచేసింది.

"దానికి గుర్రాలంటే ప్రాణం. ఈ గదిలోకి రాగానే ఏమంటుందో" అంది.

తొమ్మిది దాటాక మంచు కొంచెం పల్చబడింది. కారు స్టార్ట్ చేశాను. రెండున్నర నిమిషాలయ్యాక ఊరు దాటి, పిస్తా తోటల మధ్యగా పోయే రోడ్డెక్కాం. వెర్నా పక్కన సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. యాభై అయిదు అందుకున్నాను. ముల్లు అక్కడ నిలబెట్టడం మామూలు రోజుల్లో చిన్నపిల్లల ఆట. ఆ రోజు మాత్రం ఎదురుగా ఏముందో తెలియని తెల్లటి గోడలోకి పోతున్నట్టే ఉంది. నా కళ్ళు రోడ్డు మీదికీ, వేగం ముల్లు మీదికీ, గడియారం మీదికీ తిరుగుతున్నాయి. నిమిషాలు లెక్కపెట్టుకోవాలి గదా.

అప్పుడు ఫోను మోగింది. ఆమె సంచీలో చెయ్యి పెట్టి వెతుకుతోంటే అది మోగుతూనే ఉంది.

"ఆపు దాన్ని!" అన్నాను.

"ఎవరో తెలీని నంబరు, ఒక్క నిమిషం మాట్లాడి..."

"ఎవరైతే ఏంటి? మొత్తంగా ఆపెయ్! ఇక్కడ కళ్ళు పొడుచుకుని చూసినా ఏమీ కనపడి చావట్లేదు, నీ ఫోను గోలొకటి!"

తిట్లు తిన్న చిన్నపిల్లలా ఆమె గబగబా ఫోను ఆపేసి సంచీ మూసేసింది. నిజానికి కారుకీ ఫోనుకీ ఏ సంబంధమూ లేదు. ఆమె మాట్లాడుకుంటే నా ముల్లు కదలదు, ఏమీ కాదు. నాకు చిరాకేసింది, అరిచాను, అంతే. గడియారంలో అప్పుడు తొమ్మిదీ ముప్పై నాలుగు. నిమిషాలు లెక్కపెడుతున్నాను కాబట్టి బాగా గుర్తుంది.

తర్వాత అంతా అనుకున్నట్టే జరిగింది. రెండుసార్లు యాభై అయిదు నిలబెట్టాను, రెండుసార్లు బ్రేకు ముట్టకుండా ఇరవైకి దించాను. రెండోసారి దించేటప్పటికి మంచు విడిపోయి, పొలాల మీద నీరెండ పడింది. పాల డెయిరీ మలుపులో కారు పక్కకి ఆపి, జేబులోంచి చిన్న రీడరు తీసి సాకెట్లో గుచ్చాను. వరసగా నాలుగూ 'సిద్ధం'. వెర్నా చప్పట్లు కొట్టింది. తిన్నగా షెడ్డుకి పోయి అసలు మిషను పెట్టాను. పాసైంది. కాగితం బయటికి రాగానే ఆమె నా బుగ్గ మీద ముద్దు పెట్టి, "నీ కష్టం ఊరికే పోలేదురా ఆర్లిండో" అని కళ్ళు తుడుచుకుంది. డోయల్‌కి ఫోటో పంపిస్తానంటూ ఆపేసిన ఫోను తెరిచింది.

అందులో ఎత్తని ఫోన్లు రెండున్నాయి, రికార్డు చేసి వదిలిన మాట ఒకటుంది. నాకూ వినపడేలా పెట్టింది.

"వెర్నా గారూ, నేను మార్సెలా ఇబారాని. మీ ఇంటి ముందున్నాను. ఎవరూ తలుపు తియ్యట్లేదు. ఇంకో ఇరవై నిమిషాలు చూస్తాను. జోలీని ఎక్కడుంచాలో పదిన్నర లోపల ఖాయం చెయ్యాలి. ఇది వినగానే ఫోన్ చెయ్యండి, ప్లీజ్."

ఫోను దానంతటదే చివర్లో టైము చెప్పింది. తొమ్మిదీ ముప్పై నాలుగు.

వెర్నా తిరిగి చేసింది. ఎవరూ ఎత్తలేదు. ఇంకోసారి చేసింది. తాళాలు లాక్కుని పరుగెత్తింది. స్మాగ్ కాగితం నా బల్ల మీదే ఉండిపోయింది. నేను షెడ్డు ముందు నిలబడి, ఆ ముదురాకుపచ్చ కారు మలుపు తిరిగి పోవడం చూశాను. ఆమె కౌంటీ ఆఫీసుకి చేరేసరికి పిల్లను బండి ఎక్కించి పంపించేశారు. రెడింగ్‌లో ఒక కుటుంబం దగ్గర చోటు దొరికిందట. రెడింగ్ మా ఊరికి అయిదారు గంటల దారి.

గురువారం నేను షెడ్డు మూసి కౌంటీ ఆఫీసుకి వెళ్ళాను. తప్పు నాదని చెప్పేస్తే ఏదో ఒకటి చేస్తారని ఆశ. ఇబారా అంటే ఎవరో గయ్యాళిని ఊహించుకున్నాను. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు ఆ అమ్మాయికి. దగ్గుతోంది. ఫైళ్ళ మధ్య గిన్నె పెట్టుకుని చల్లారిపోయిన నూడుల్స్ తింటోంది. నేను కూర్చుని అంతా చెప్పాను, కారూ, మంచూ, యాభై అయిదు మైళ్ళూ.

"కారా?" అంది ఫోర్కు కింద పెట్టి. "కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ అవ్వలేదని నాకు ముందే తెలుసు సార్, కంప్యూటర్లో కనపడుతుంది కదా. దానికి అరవై రోజులు గడువు రాసేశాను. స్కూల్లో అంత మందికి అన్నం పెట్టిన ఆవిడకి ఆ మాత్రం ఇవ్వమా? సోమవారం ఒక్క ఫోన్ చేసుంటే అదే చెప్పేదాన్ని."

"మరి ఇంటికెందుకు వచ్చారు?" అన్నాను.

"మంచం చూడ్డానికి. మంచం ఉంటే చాలు, సంతకం పెట్టేసి, అటు నుంచి అటే వెళ్ళి పిల్లని తీసుకొచ్చి దింపేద్దామనుకున్నా. అరగంట ఉన్నా సార్ వాళ్ళ గుమ్మంలో. మొదటిసారి మోగింది, రెండోసారి చేస్తే ఫోనే ఆపేసుంది. రెడింగ్ వాళ్ళు పదిన్నర లోపల చెప్పమన్నారు. ఆ పిల్లని రాత్రికి ఆఫీసు సోఫా మీద పడుకోబెట్టలేక సరేనన్నాను."

"ఫోను ఆపించింది నేను. ఆవిడ ఎత్తబోయింది. నేనే అరిచి ఆపించాను."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. కోపంగా కాదు. తర్వాత ఫైలు దగ్గరికి లాక్కుని, పెన్ను తీసింది.

"ఇది రాస్తాను. పిల్లని మళ్ళీ వెంటనే కదపడానికి జడ్జి ఒప్పుకోకపోవచ్చు, మీకు అబద్ధం చెప్పను. కానీ ప్రస్తుతం ఫైల్లో 'ఇంట్లో లేరు, ఫోను ఆపేశారు' అని మాత్రమే ఉంది. ఎందుకో కూడా ఉంటే తర్వాతైనా ఆవిడకి పనికొస్తుంది. మీ పూర్తి పేరు, ఏం చేస్తుంటారో చెప్పండి."

ఏం చేస్తుంటారో. పరీక్ష మాత్రమే అని బోర్డు పెట్టుకున్నవాడు గిరాకీ కారును పొద్దున్నే రోడ్డెక్కించి, తనే సిద్ధం చేసి, తనే పాస్ చేశాడని ఒక ప్రభుత్వ కాగితం మీద, కోర్టు చూసే కాగితం మీద. పదమూడేళ్ళ నాటి ఆ గడి కళ్ళముందు కనిపించింది. ఒక నాలుగేళ్ళ పిల్ల సంగతి మాట్లాడుతుంటే నాకు గుర్తొచ్చింది నా లైసెన్సు. సిగ్గుగా ఉంది చెప్పుకోవడానికి. కానీ అదే నిజం.

"పేరు లేకుండా రాయలేరా?" అన్నాను.

"లేకుండా కుదరదు సార్."

"అయితే వద్దు. ఊరికే చెబుదామని వచ్చాను."

ఆ అమ్మాయి పెన్ను మూసేసింది. నూడుల్స్ గిన్నె దగ్గరికి జరుపుకుంది.

శుక్రవారం కోర్టులో జడ్జి ఫైలు చూసి, పిల్లను ఉన్నచోటే ఉంచమన్నాడు. ఆరు నెలల తర్వాత మళ్ళీ చూద్దామన్నాడు. ఈలోగా అమ్మమ్మ నెలకోసారి వెళ్ళి చూడొచ్చు. శనివారం వెర్నా నా దగ్గరికొచ్చి, బల్ల మీద వదిలేసిన కాగితం తీసుకుంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"జడ్జి ఏమన్నాడో తెలుసా? 'ముఖ్యమైన వారంలో ఫోన్ ఆపుకుని బయట తిరగడం' అన్నాడు. తిరగడమట! నోరు పెగల్లేదు నాకు" అంది.

చెప్పడానికి అంతకంటే మంచి అదను లేదు. కారు అక్కర్లేదట వెర్నా, సోమవారం నువ్వు ఫోను చేయబోతుంటే ఆపింది నేను, బుధవారం నువ్వు ఎత్తబోతుంటే ఆపించింది నేను, మొన్న నీ పేరు కడిగే అవకాశమొస్తే పారిపోయి వచ్చింది నేను. మాటలన్నీ నాలిక చివరే ఉన్నాయి.

"నువ్వు చెయ్యగలిగిందంతా చేశావు, హనీ" అంది ఆమె నా చెయ్యి నొక్కి. "ఇదంతా ఆ డోయల్ వల్ల. ఆ దరిద్రుడు వైరు పీక్కపోతే ఆ పొద్దున మనం అసలు రోడ్డెక్కేవాళ్ళమా? నేను ఇంట్లోనే ఉండేదాన్ని, తలుపు తీసేదాన్ని. నా గుమ్మం తొక్కొద్దని చెప్పేశాను వాడికి. వాడి మొహం ఇక చూడను."

నేను కారు పెట్రోలు మూత గట్టిగా బిగించి, జాగ్రత్తగా వెళ్ళు, మంచుంటే ఆగిపో అని చెప్పి పంపించాను.

పది రోజుల తర్వాత డోయల్ వచ్చాడు. అరవై నాలుగేళ్ళ మనిషి, జీవితమంతా పత్తి మిల్లులో పనిచేసి ఒక చెవికి వినికిడి పోగొట్టుకున్నాడు. వీపు వంగిపోయి, టోపీ చేతిలో పట్టుకుని షెడ్డు బయటే నిలబడ్డాడు. ట్రక్కు వెనక రెండు పెట్టెలు, ఒక మడత మంచం, టీవీ తాళ్ళతో కట్టి ఉన్నాయి.

"అర్కాన్సా రాష్ట్రంలో మా అక్క దగ్గరికి పోతున్నా. ఇక్కడ నాకెవరున్నారు, వెర్నా తప్ప. ఆవిడ చూస్తే నన్ను చూసి వీధి దాటి అవతలికి పోతోంది" అన్నాడు. కాసేపు టోపీ తిప్పుతూ నిలబడ్డాడు. "నీకు ఇవన్నీ తెలుసు కదా ఆర్లిండో. ఒక్కటి చెప్పు. ఆ వైరు నేను పీకడం వల్లేనా పిల్ల పోయింది?"

షెడ్డులో మిషను గుర్రుమంటోంది. బయట మంచు లేదు, ఎండ బాగా కాస్తోంది. ఆయన బాగున్న చెవి నా వైపు తిప్పి నిలబడ్డాడు.

"వైరు పీకితే లోపలున్నవన్నీ చెరిగిపోతాయి డోయల్. అందరికీ మొత్తుకుంటూనే ఉంటా" అన్నాను.

ఆయన తలూపాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. "నాకు తెలీదు. ఆవిడ పని సులువవుతుందని చేశాను" అన్నాడు. తర్వాత టోపీ పెట్టుకున్నాడు.

"పోనీలే, నువ్వైనా ఉన్నావు ఆవిడకి. అంత మంచులో ప్రాణాలకి తెగించి నడిపావంట కదా, నన్ను పొమ్మన్న రోజు చెప్పింది. నీ మేలు మర్చిపోను" అని చెయ్యి చాచాడు.

నేను చేతికున్న గ్రీజు గుడ్డకి తుడుచుకుని, ఆ చెయ్యి పట్టుకుని ఊపాను.